తరుగు తీసిన తూకం

మా మరిది రంగనాథం తిరువళ్ళూరు బజారు వీధిలో ముప్పై రెండేళ్ళు బెల్లం మండీ నడిపాడు. ఆ ముప్పై రెండేళ్ళలో అతని తూకాన్ని తప్పుబట్టిన మనిషి లేడు. కాటా కడ్డీమీద గుండు జరిపి, కడ్డీ నిలవగానే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఒక అడుగు దూరం జరిగేవాడు. వేలి కొన కూడా తగల్లేదని ఎదుటివాడికి కనబడాలి. అలాంటి మనిషి 1983 ఎండాకాలంలో వరసగా నలభై రెండు రోజులు తప్పుడు తూకం రాశాడు. తూగినది బెల్లం కాదు, నా చెల్లెలు మీనాంబ. ఆ తప్పుడు అంకెలను డాక్టరుగారి అట్టమీదికి అందమైన దస్తూరీతో ఎక్కించినది నేను, వాసవాంబను. తిరుత్తణి బాలికల పాఠశాలలో ఇరవై తొమ్మిదేళ్ళు తెలుగు చెప్పి, పిల్లల పుస్తకాల్లో ఒక్క సున్నా జారినా ఎర్ర సిరాతో చుట్టినదాన్ని. కనుక ఈ కథలో ఎవరినైనా తప్పుబట్టవలసి వస్తే నా పేరు మొదట రాసి, తక్కినవాళ్ళ పేర్లు తరువాత రాస్తాను.

మొదటి తప్పు ఫిబ్రవరిలోనే జరిగింది. ఒక మధ్యాహ్నం వంట చేస్తూ మీనాంబ ఛాతీ పట్టుకుని పొయ్యి ముందే కూర్చుండిపోయింది. చెమటలు పోశాయి, ఎడమ చెయ్యి లాగింది. అందరూ వాయువన్నారు. వాము నీళ్ళు తాగించారు, సోడా తెప్పించారు. మర్నాడు నేను రైలెక్కి వెళ్ళి చూసి, సెనగపిండి వంటకాలు తగ్గించమని హితవు చెప్పి తిరిగి వచ్చాను. మగవాడి ఛాతీలో నొప్పి వస్తే అది గుండె, ఆడదాని ఛాతీలో వస్తే వాయువు. ఈ శాస్త్రం ఏ గ్రంథంలోనూ లేదు. ప్రతి ఇంట్లోనూ అమల్లో మాత్రం ఉంది.

ఏప్రిల్ నాటికి ఆమె వాకిట్లో నాలుగు గీతల ముగ్గు వెయ్యడానికి మూడుసార్లు ఆగవలసి వచ్చింది. ఊళ్ళోని గోపాలన్ డాక్టరు గుండె పటం తీసి, ఫిబ్రవరిలో వచ్చినది గుండెపోటని తేల్చి మద్రాసుకు పంపారు. మద్రాసులో పెద్ద డాక్టరు ఫిల్మును దీపానికి ఎదురుగా పట్టుకుని చూపించారు. పోటు వచ్చినచోట గుండె గోడ చచ్చి, పలచబడి, సంచిలాగా బయటికి ఉబ్బింది. గుండె ముడుచుకున్నప్పుడల్లా కొంత రక్తం ఒంట్లోకి పోవలసింది పోయి, ఆ సంచిలోకి వెళ్ళి ఊరికే తిరిగి వస్తోంది. అందువల్ల ఆయాసం, అందువల్ల ఒంటికి నీరు పట్టడం.

“మందులకు లొంగితే ఇలాగే నడుపుదాం,” అన్నారాయన. “లొంగకపోతే ఛాతీ తెరిచి, ఆ సంచి కోసి తీసేసి కుట్టాలి. ఉప్పు మానాలి. రోజూ పొద్దున బరువు తూచి ఈ అట్టమీద రాయండి. పెరిగితే, పెరిగింది ఒళ్ళు కాదు, నీళ్ళు. మందు చాలడం లేదని అర్థం. వెంటనే మనిషిని తీసుకురండి. పెరగకపోతే మాత్రం ఈ ఎండల్లో ఆమెను తిప్పకండి, నెలకోసారి అట్ట పంపితే చాలు.”

ఈ మాటలన్నీ ఆయన రంగనాథంతో చెప్పారు. ఉబ్బిన గుండె మీనాంబది. ఆమె రంగనాథం పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. ఆమెకు తమిళమూ వచ్చు, చెవులూ బాగా వినబడతాయి.

వాళ్ళకు ముందు భాగం మండీ, వెనక భాగం ఇల్లు. మండీలో మూటలు తూచే ఇనుప కాటా ఉంది, ఏటేటా సర్కారు ముద్ర పడేది. అయినా దానిమీద మనిషిని నిలబెట్టడానికి రంగనాథం మొదట ఒప్పుకోలేదు.

“వేండాం వదినా. మా తాత కాలం నించి ఈ కాటా మీద మనిషి ఎక్కింది లేదు. మనిషిని తూస్తే దేవుడి సన్నిధిలో తూయాల, తులాభారమని. అంగట్లో తూస్తే సరుకు లెక్కయిపోతుంది.”

“డాక్టరు నిన్ను అంకె అడిగాడు. ఆచారం అడగలేదు,” అన్నాను.

మీనాంబ గుమ్మానికి ఆనుకుని నవ్వింది. “అక్క ముందు ఎక్కితే నేనూ ఎక్కుతా. దాని మాట ఎంత బరువో ఊరందరికీ తెలుసు. మనిషి ఎంతుందో చూద్దుం.”

రంగనాథం ఒక బెల్లం అచ్చు తెచ్చి పళ్ళెంమీద పెట్టి, తూచి, కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు. బోణీ సరుకుతో అయింది కనుక తరువాత ఎక్కేది సరుకు కాదని అతని సమాధానం. నేను ఎక్కాను. నలభై ఆరు కిలోలు.

“ఇంతేనా!” అంది మీనాంబ. “మాటలు తీసేస్తే ఇంకేముంటుందక్కా నీలో? మీరూ ఎక్కండి. నేనొక్కదాన్నే సరుకా యేంది?”

రంగనాథం యాభై రెండు తూగాడు. మీనాంబ యాభై ఒకటి. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు దేవసేన ఆ వేసవికి తల్లికి వండిపెట్టడానికి మింజూరులోని అత్తవారింటినుంచి వచ్చి ఉంది. “అమ్మా, నాయనకంటే నువ్వు ఒక్క కిలోనే తక్కువ, ఇంక ఆయన మాట వినే పన్లేదు,” అంది. ఆ రోజు ఏప్రిల్ పది, ఆదివారం. ఆ ఇంట్లో అంత నవ్వు ఆ ఏడాదిలో అదే మొదలు.

తరువాతి ఆదివారాలన్నీ ఒక్క తీరుగా గడిచాయి. నేను తిరుత్తణినుంచి పది గంటలకు చేరేసరికి తూకం అయిపోయి ఉండేది. రంగనాథం తెల్లవారి మండీ తలుపులు తీయకముందే భార్యను తూచి, పలకమీద తెలుగు అంకెలు వేసి ఉంచేవాడు. వారం రోజుల అంకెలను నేను అట్టమీదికి ఎక్కించేదాన్ని. యాభై ఒకటి, యాభై ఒకటి, యాభైన్నర, యాభై ఒకటి. మే నెల రెండో వారంనుంచి యాభైన్నర కూడా కనబడలేదు, అన్నీ యాభై ఒకట్లే. నేను ఆ వరసను చూసి ముచ్చటపడ్డాను. మే మొదట్లోనూ జూన్ మొదట్లోనూ రంగనాథం ఆ అట్ట పట్టుకుని మద్రాసు వెళ్ళాడు. రెండుసార్లూ డాక్టరుగారు మెచ్చుకున్నారట. “మందులు పనిచేస్తున్నాయి, ఆపరేషను మాట ఇప్పుడు అక్కర్లేదు” అన్నారని చెబుతూ అతను పైపంచతో ముఖం తుడుచుకున్నాడు. సంతోషమనుకున్నాను.

మీనాంబకు ఆపరేషనుకంటె ఉప్పు బెంగ ఎక్కువగా ఉండేది. “ఉప్పు లేని చారు తాగితే ఎవరింటికో పోయి, వాళ్ళు పలకరించకుండానే తిరిగొచ్చినట్టుండాది అక్కా,” అనేది. ఆమె ఎదుట ఉప్పుకూడు తినడం బాగుండదంటూ రంగనాథం ఆమె తిన్న తరువాత వంటింట్లో ఒక్కడే కూర్చుని తినేవాడు.

మే నెలాఖరుకు ఆమె కాలి మెట్టెలు తీసి డబ్బాలో పెట్టింది. “ఎండకు వేళ్ళు ఉబ్బినాయి, సుమ్మా ఉండు” అని నన్ను ఊరుకోబెట్టింది. జూన్‌లో చెప్పులు పట్టలేదు. గోపాలన్ డాక్టరు కూతురి కాన్పుకని ఊరు విడిచి వెళ్ళి అప్పటికి తిరిగి రాలేదు. నేను ఆమె పాదం చూశాను, నొక్కితే గుంట పడింది. చూసి, అట్ట తెరిచి, యాభై ఒకటి అని ఉన్న చోట చూశాను. అంకె సరిగ్గా ఉన్నది గనక కాలే అబద్ధం చెబుతోందనుకున్నాను. చదువుకున్నవాళ్ళు చేసే తప్పు ఇది.

జూన్ పందొమ్మిది, ఆదివారం. పది రోజులు మా ఇంట్లో ఉండి కొండగాలి పీలుస్తానని మీనాంబ పట్టు పట్టింది. రంగనాథం అట్టే అడ్డు చెప్పకుండా పంపాడు. బండి కడంబత్తూరు దాటేసరికే ఆమె కిటికీ ఊచకు తల ఆనించి మాట మానేసింది. అరక్కోణంలో బండి మారాలి. వంతెన మెట్లమీద మూడుసార్లు కూర్చుంది. మూడోసారి కూర్చున్నప్పుడు, “నువ్వు ముందు పో అక్కా, నేను ఇట్లే వచ్చేస్తా,” అంది, పిల్లలతో చెప్పినట్టు.

కిందికి దిగాక ప్లాట్‌ఫారంమీద ఆమెకు బరువు చూసే యంత్రం కనబడింది. రంగు దీపాలు, గిరగిర తిరిగే చక్రం, కాసు వేస్తే ఒకవైపు బరువూ రెండోవైపు జోస్యమూ అచ్చయిన చిన్న అట్టముక్క.

“అక్కా, కాసు ఉంటే ఇయ్యి. జోస్యం చూసుకుంటా.”

“ఇనుప డబ్బా చెప్పే జోస్యం.”

“నీ పంచాంగం అయ్యవారు చెప్పేదానికంటే ఇది చవక. ముందు నువ్వెక్కు. నీకేం రాస్తాదో చూడాల.”

ఎక్కాను. అట్టముక్కమీద తమిళంలో ‘మీ ఇంపైన మాటలచేత అందరినీ ఆకర్షిస్తారు’ అని ఉంది. అది చదివి మీనాంబ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, దగ్గుతో ఊపిరి అందక నా భుజం పట్టుకుంది. తరువాత తాను ఎక్కింది. ఆమెకు ‘ప్రయాణం వల్ల మేలు కలుగుతుంది’ అని వచ్చింది.

నేను అట్టముక్కలు రెండూ తిరగేశాను. నాది నలభై ఆరు. ఆమెది యాభై ఏడు.

యంత్రం తప్పంటే నా విషయంలోనూ తప్పాలి. మండీ కాటామీద నేను తూగినది నలభై ఆరే, ఇక్కడా నలభై ఆరే. కాబట్టి యంత్రం నిజం. కాబట్టి పలక అబద్ధం. ఇంతకంటె చిన్న తర్కాన్ని నేను ఎనిమిదో తరగతి పిల్లలచేత చెప్పించేదాన్ని.

మీనాంబ తన అట్టముక్కను నా చేతిలోనుంచి తీసుకుని ఆ బరువువైపు చూసింది. మళ్ళీ నాకే ఇచ్చేసింది. తిరుత్తణి బండి వచ్చి వెళ్ళిపోయింది. మేము మద్రాసు వైపు వెళ్ళే బండి ఎక్కి తిరువళ్ళూరులో దిగిపోయాం. ఎందుకని ఆమె ఒక్కమాట అడగలేదు.

మండీలో రంగనాథమూ, మూటలు మోసే రత్నస్వామీ గోనెలు మడతపెడుతున్నారు. మీనాంబను లోపల పడుకోబెట్టి వచ్చి, రెండు అట్టముక్కలనూ కాటా పళ్ళెంమీద పక్కపక్కన పెట్టాను.

“ఏమిది వదినా? తిరుత్తణి పోలేదా?”

“అరక్కోణం స్టేషను తూకం. నీ కాటాలాగా దీనికి సర్కారు ముద్ర లేదు. అయినా నా బరువు నీ కాటా చెప్పినంతే చెప్పింది. నీ భార్య బరువు మాత్రం ఆరు కిలోలు ఎక్కువ చెప్పింది.”

అతను అట్టముక్కను తీసుకోలేదు. వంగి, చేతులు వెనక్కి కట్టుకునే చదివాడు.

“అది చెమ్మ వదినా.”

“ఏమిటి?”

“డాక్టరే చెప్పినాడు గదా, పెరిగితే ఒళ్ళు గాదు, నీళ్ళని. బెల్లంలో చెమ్మ ఉంటే మేము తరుగు తీసి రాస్తాం. నీళ్ళు సరుకు గాదు. అసలు సరుకెంతో అంతే రాయాల. అది యాపార ధర్మం.”

“ఎప్పటినుంచి తీస్తున్నావు?”

“మే తొమ్మిదో తేదీ. ఆ పొద్దు అరకిలో ఎక్కువొచ్చింది. తల తడిగా ఉండాది, చీర తడిసుండాది అనుకుని తీసేసినా. మర్నాడు ముప్పావు. ఆ తర్వాత...” అతను గోనెసంచుల మీద కూర్చున్నాడు. “ఆ తర్వాత అలవాటయిపోయింది వదినా.”

“డాక్టరుకు కావలసింది ఆ చెమ్మే రంగనాథం. సరుకు కాదు.”

“నాకు తెలుసు.”

రైల్లో వస్తూ నేను మూడు వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్కొక్కటీ ఒక్కొక్క కొరడా. అవి నాలుకమీదికి వచ్చి ఆగాయి. ఎందుకంటే అతను తల ఎత్తి, మెల్లగా ఇలా అన్నాడు:

“యాభై రెండని రాస్తే దాని గుండె కోస్తారు. రాయాల్సింది నేను. ఈ చేత్తో రాయాల. రోజూ బలపం పట్టుకుంటా. చెయ్యి రాలా వదినా.”

మనిషి బరువు నలభై రెండు రోజులు గ్రాము తేడా లేకుండా ఉండదు. ఈ సంగతి తెలియడానికి వైద్యం చదవనక్కరలేదు. ఆ వరస చూసి ముచ్చటపడినదాన్ని నేను. ఆ మూడు వాక్యాలూ ఎవరితో అనాలి?

రత్నస్వామి అంతవరకూ మడతపెట్టిన గోనెనే మళ్ళీ విప్పి మడతపెడుతున్నాడు. తమిళంలో, “మొదలాళీ, అమ్మను రేపు పొద్దున బండికే తీసుకుపొండి. అంగడి నేను చూస్తాను,” అన్నాడు.

రంగనాథం లేచి గోడకున్న పలక దించాడు. ఆ పొద్దుటి అంకెను అరచేత్తో తుడిచి, యాభై ఏడు అని రాశాడు. అయిదుకంటె ఏడు కొంచెం పెద్దదిగా పడింది.

మద్రాసు డాక్టరుగారు అట్టనూ మనిషినీ మార్చి మార్చి చూశారు. ఏం జరిగిందో నేను చెప్పాను, నా వంతుతో సహా. ఆయన కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలికగా ఉండేది. ముందు సూది మందులతో నీరు తీస్తామనీ, ఒళ్ళు కుదుటపడగానే ఆపరేషననీ, ఇంక వాయిదా లేదనీ అన్నారు. పదిమందిలో ఇద్దరు బల్లమీదినుంచి తిరిగి రాకపోవచ్చునని కూడా రంగనాథంతోనే అన్నారు.

“నాతో చెప్పండయ్యా,” అంది మీనాంబ తమిళంలో. “బల్ల ఎక్కేది నేను.”

ఆయన కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నారు. గుండెనూ ఊపిరితిత్తులనూ కొంతసేపు నిలిపి, ఆ పని ఒక యంత్రం చేత చేయిస్తారట. ఉబ్బిన భాగం కోసి తీసి, అంచులు చేర్చి, కుట్టు తెగకుండా రెండు వైపులా గట్టి గుడ్డపీలికలు పెట్టి కుడతారట.

“చిరిగిన గోనెకు అంచు మడిచి కుట్టినట్టా?”

“దాదాపు అంతే.”

“దబ్బనంతో కుట్టరు గదా?”

డాక్టరుగారు నవ్వారు. ఆసుపత్రిలో అంతపెద్ద మనిషిని నవ్వించినందుకు ఆమె మూడు రోజులు గొప్పలు చెప్పుకుంది.

ఒప్పుదల కాగితంమీద గుమాస్తా రంగనాథం సంతకం తీసుకుని, కాగితం మడిచాడు. రోగి సంతకం ఎక్కడన్నాను. “భర్త పెట్టాడు గదా, చాలమ్మా,” అన్నాడు. ఆ గుండె ఎవరిదో ఆ కాగితంలో ఉన్నదా అని, ఒక్క అక్షరం మింగకుండా చక్కని తమిళంలో అడిగాను. అతను సిరా పూసిన దిండు ముందుకు తోశాడు, వేలిముద్రకని. మీనాంబ దాన్ని వెనక్కి తోసి, కలం తీసుకుని, రంగనాథం పేరు పక్కన తెలుగులో మీనాంబ అని రాసింది. ‘నా’ దీర్ఘం కొంచెం వంకర పోయింది. నేను దిద్దలేదు.

ఆ సాయంకాలం వార్డులో ఇద్దరమే ఉన్నప్పుడు అంది. “నాకు తెలుసక్కా.”

“ఏం తెలుసు?”

“ఆయన తక్కువ రాస్తా ఉండేది. ముప్పై ఏళ్ళు బెల్లం అంగట్లో కాపురం చేసినదాన్ని, కడ్డీ చదవలేనా? దేవుడి పటం వైపు తిరిగి నిలబడమంటాడు. నేను ఓరగా చూస్తా ఉన్నా.”

“ప్రాణం పోయే పనే! నాతో చెప్పవేం?”

“చెప్తే నువ్వు ఆయన్ను తిట్టుంటావు.”

“తిట్టేదాన్నే.”

“అందుకే చెప్పలా.” దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. “ఆ అంకె వేసినాక ఆయన ముఖం చూడాల నువ్వు. పిల్లోడు పరీక్ష గట్టెక్కినట్టు. నాకూ భయంగానే ఉండింది అక్కా. ఆయనకు అబద్ధం కావాల్సొచ్చింది, నాకూ కావాల్సొచ్చింది. ఇద్దరం చెరో చెయ్యి వేసి మోసినాం.”

నా ఎర్ర సిరాకు ఆ వాక్యంలో చుట్టడానికి ఏమీ దొరకలేదు.

జూలై మొదటి వారంలో ఆపరేషను నిశ్చయమైంది. అప్పటికప్పుడు తీసిన రక్తం ఎనిమిది సీసాలు కావాలన్నారు, మనుషులను మీరే తెచ్చుకోవాలన్నారు. రత్నస్వామి మూటలు మోసేవాళ్ళను అయిదుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కే.జీ.కండిగైనుంచి చెరకు రైతు చౌడయ్య ఇద్దరు తమ్ముళ్ళతో బెల్లం లారీలో దిగాడు. దిగుతూనే రంగనాథం భుజంమీద చరిచాడు.

“ముప్పై ఏళ్ళు నా బెల్లానికి చెమ్మ తరుగు తీసినావు గదా శెట్టీ. నెత్తురుకన్నా తియ్యొద్దు!”

అందరూ నవ్వారు. రంగనాథం కూడా నవ్వాడు. అతని రక్తం మీనాంబ రక్తానికి కుదిరింది, అది అతనికి ఎంత గర్వమో చెప్పలేను. వరసలో అందరికంటె ముందు, చొక్కా చెయ్యి భుజందాకా మడిచి నిలబడ్డాడు. నర్సు మొదట తూకంమీదికి ఎక్కమంది.

“నలభై నాలుగు,” అంది. “నలభై అయిదుకు తక్కువైతే తీసుకోము. పక్కకు జరగండి.”

“మళ్ళీ చూడమ్మా. నేను యాభై రెండు.”

ఆమె మళ్ళీ చూసింది. నలభై నాలుగే.

“ఒక్క కిలోనే గదమ్మా,” అన్నాడతను. “కొంచెం మొగ్గు చూపరాదా?”

ఎదుటివాడి తూకంలో గురిగింజ ఎత్తు మొగ్గును తన జీవితంలో ఎన్నడూ అడగని మనిషి. నర్సు తరువాతివాణ్ణి పిలిచింది. రంగనాథం గోడవారన బెంచీమీద, మడిచిన చొక్కా చెయ్యి దించుకోకుండానే కూర్చున్నాడు. రత్నస్వామివీ, చౌడయ్యవీ, కూలివాళ్ళవీ సీసాలు నిండుతుంటే ఒక్కొక్కదాన్నీ చూస్తూ ఉన్నాడు.

నేను దేవసేనవైపు తిరిగాను. “మీ నాయన ఎనిమిది కిలోలు ఎలా తగ్గాడే?”

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నేను అమ్మకొకటి, నాయనకొకటి రెండు వంటలు చేస్తా ఉండాననుకుంటిరా పెద్దమ్మా? ఒకటే వంట. ఏప్రిల్‌నించి ఆయనా ఉప్పు ముట్టలా. నోటికి పోక సగం కూడు అట్లే వదిలేస్తాడు. అమ్మకు తెలిస్తే బలవంతంగా తినిపిస్తాదని వంటింట్లో కూర్చునేవాడు. చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు.”

పలకమీద అబద్ధం రాసిన రోజుల్లోనే అతని ఒళ్ళు ఈ నిజం రాసుకుంటూ వచ్చింది. మేమెవరమూ అతన్ని తూచలేదు.

ఆపరేషను అయిదున్నర గంటలు పట్టింది. ఆ గంటలను గురించి నేను రాయను. మేమేమీ చెయ్యలేదు, కూర్చున్నాం. చౌడయ్య మధ్యలో టీ తెచ్చాడు. పెద్ద డాక్టరుగారు బయటికి వచ్చినప్పుడు, ఈసారి నేరుగా నా దగ్గరికీ దేవసేన దగ్గరికీ వచ్చి, “కుట్టు బాగా నిలిచింది,” అన్నారు. నాలుగో రోజున మీనాంబ కళ్ళు తెరిచి అన్న మొదటి మాట, “చౌడయ్యన్న నెత్తురు గదా, తియ్యగా ఉండాది ఒళ్ళంతా.”

ఆ మంచం పక్కనే దేవసేన ఒట్టు తప్పింది. ఉప్పు సంగతీ, నలభై నాలుగు సంగతీ, బెంచీమీద కూర్చున్న సంగతీ తల్లికి చెప్పేసింది. మీనాంబ పైకప్పు చూస్తూ విన్నది. రంగనాథం రాగానే, “ఏమండీ, ఈ పూట ఏం తినినారు?” అని మాత్రం అడిగింది.

ఆగస్టు పదునాలుగు, ఆదివారం నాడు ఆమె ఇంటికి వచ్చింది. డాక్టరుగారు కొత్త అట్ట ఇచ్చారు. ఇకమీదట రాత నా బాధ్యత అని నేను పట్టుబట్టి తీసుకున్నాను. అందుకే మర్నాటి పొద్దున నేను అక్కడ ఉన్నాను. రంగనాథం బెల్లం అచ్చుతో బోణీ చేశాడు. మీనాంబ కాటా ఎక్కింది. ఈసారి దేవుడి పటంవైపు తిరగలేదు, కడ్డీవైపే తిరిగి నిలబడింది.

రంగనాథం గుండు జరిపి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “నలభై ఏడు.” కొంచెం తడబడి, “చీర...” అన్నాడు.

“చీరతో కలిపే నేను. తరుగు తియ్యొద్దు. అక్కా, రాయి.”

నలభై ఏడని రాశాను.

ఆమె మెల్లగా దిగింది. ఛాతీమీద నిలువునా ఉన్న గాయం ఇంకా లాగుతోంది. చీర కొంగు సర్దుకుని, “మీరెక్కండి,” అంది.

“నాకెందుకు మేయ్?”

“ఎక్కండంటే ఎక్కండి. ఈ పొద్దునించి మీకు ఉప్పేసిన కూడు. మొదటి తూకం రాసి పెట్టుకోవాల గదా, పెరిగేది తెలియడానికి.”

అతను ఎక్కాడు. ఆమె గుండును మెల్లగా, ఒక్కొక్క గీతగా జరిపింది. ఆ ఇంటి ఆడవాళ్ళు కాటా గుండు ముట్టడం నేను చూడటం అదే మొదలు. కడ్డీ నలభై నాలుగు దగ్గర ఊగి నిలిచింది.

“ఎంత?” అని అడిగాడు రంగనాథం, పైన వాసాలు చూస్తూ.

మీనాంబ గుండుమీదినుంచి చెయ్యి తీసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒక అడుగు దూరం జరిగింది.

“నలభై అయిదు.”

“సరిగ్గా చూసినావా?”

“నలభై అయిదంటే నలభై అయిదే. రాయక్కా.”

కలం నా చేతిలో ఉంది. కడ్డీ నాకు రెండు అడుగుల దూరంలో ఉంది, నా కళ్ళు బాగానే కనబడతాయి. అట్టమీద నలభై ఏడు పక్కన, దస్తూరీ చెడకుండా, నలభై అయిదని రాశాను.